గుడ్డ టాపు కింద దాచిన సంచి

గోదావరిలో మునగాలంటే ఒంటి మీద ఉన్నవి తీయాల్సిందే. గడియారం, ఫోను, పర్సు, ఆడవాళ్లయితే వదులుగా ఉన్న కమ్మలు, బరువైన గొలుసు. రైలు దిగి బాసరకు వచ్చిన కుటుంబంలో ఎవరో ఒకరు వీటిని ఒడిలో పెట్టుకొని ఘాట్ మెట్ల మీద కూర్చుంటారు. సొంత బండిలో వచ్చినవాళ్లు ఆ పని బండికి అప్పగిస్తారు. అందరూ కలిసి నీళ్లలోకి దిగుతారు, అందరూ కలిసి దర్శనం వరుసలో నిలబడతారు. ఇంటిల్లిపాది విలువైన వస్తువులన్నీ ఒకే చోట, ఒకే సమయంలో, పక్కన మనిషి లేకుండా ఉండటం మామూలు రోజుల్లో జరగదు. ఇంట్లో బీరువా ఒక చోట, ఫోను ఒక చోట, మధ్యలో మనుషులు తిరుగుతూ ఉంటారు. ఈ తేడా మనకు తట్టదు. ఘాట్ దగ్గర బండ్లను చూస్తూ నిలబడే దొంగకు అదొక్కటి తెలిస్తే చాలు.

ఆ తప్పు నేను చేశాను. ఇంట్లోవాళ్లు నా మాట విన్నారంతే.

మాది కోరుట్ల దగ్గరి పల్లె. పసుపు, మక్కలు పండించే ఇల్లు. రెగ్జిన్ టాపు వేసిన పాత జీపు ఉండేది మాకు. ఎరువు బస్తాలు దానిలోనే, పెండ్లిళ్లకు పోవడం దానిలోనే. మనుమడి అక్షరాభ్యాసానికి వసంత పంచమి నాడు చీకటితోనే బయలుదేరాం. మెట్‌పల్లి, ఆర్మూరు, నిజామాబాద్, నవీపేట దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి బాగా తెల్లారింది. ఆ రోజు బాసర ఎట్లా ఉంటుందో వెళ్లినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఇటు నిర్మల్, భైంసా వైపు నుంచి, అటు ధర్మాబాద్, నాందేడ్ వైపు నుంచి, హైదరాబాద్ నుంచి పలకా బలపం పట్టుకున్న పిల్లలతో జనం దిగుతూనే ఉంటారు.

జనం మధ్య జీపు ఆపితే తిరిగి బయటికి తీయడం కష్టమని, కొంచెం దూరంగా చెట్టు నీడన ఆపాను. అక్కడ దుకాణాలు లేవు, మనుషులు లేరు, నాకు నచ్చింది కూడా అందుకే. జీపు ఆగిన తర్వాత అందరి వస్తువులూ అడిగి తీసుకున్నాను. బిడ్డ మెడలోని గొలుసు, మా ఆవిడ కమ్మలు, రెండు ఫోన్లు, అల్లుడి పర్సు. అమ్మ కళ్లద్దాలు, షుగరు గోలీలు అప్పటికే సంచిలో ఉన్నాయి. పట్టాదారు పాసు పుస్తకం కూడా ఉంది. మరునాడు బ్యాంకులో పంట రుణం పని ఉందని ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నాను. అన్నీ ఒక గుడ్డ సంచిలో వేసి, వెనక సీటు ఎత్తి కిందికి తోసి, పైన దుప్పటి కప్పాను. ప్లాస్టిక్ కిటికీల జిప్పులు లాగి, జిప్పు కొసలకు చిన్న తాళాలు వేశాను. ఆ తాళాలు అంతకు ముందే ఏరికోరి కొన్నవి.

మా ఆవిడ అన్నది, "నేను ఈడనే కూసుంట, మీరు తానం చేసి రాండ్రి. తర్వాత నేను పోత" అని. "పండుగ నాడు తలా ఓసారి పోతే ఎట్లా? తాళాలు వేసినం కదా, ఏం గాదు" అన్నాను.

తిరిగి వచ్చేసరికి వెనక తెర మూర పొడుగున కోసి ఉంది. జిప్పు జిప్పుగానే ఉంది, తాళం తాళంగానే ఉంది. దుప్పటి పక్కకు పడి ఉంది. సంచి లేదు.

గొలుసు కంటే ముందు మమ్మల్ని కుదిపింది గోలీలు. అమ్మ పొద్దున గోలీ వేసుకోకుండా బయలుదేరింది, అక్కడికొచ్చాక ఏదైనా తిని వేసుకుంటానని. అల్లుడు మందుల దుకాణానికి పరుగెత్తాడు. కానీ చీటీ కూడా ఆ సంచిలోనే ఉంది. గోలీ పేరు ఎవరికీ గుర్తులేదు. ఫోన్లు పోయాయి కాబట్టి ఇంటికి చేసి అడుగుదామన్నా నంబర్లు నోటికి రావు. చీటీ రాసిన డాక్టరు నంబరు కూడా ఫోన్లోనే ఉండేది. ఒకే సంచిలో అన్నీ పెట్టడమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. పోయిన వస్తువులతో పాటు, వాటి నుంచి బయటపడే దారులు కూడా పోయాయి.

పిల్లవాడి ముహూర్తం దాటిపోతుందని వాళ్లను గుడికి పంపించి నేను ఫిర్యాదు ఇవ్వడానికి పోయాను. వాడు బియ్యంలో మొదటి అక్షరం దిద్దినప్పుడు నేను పక్కన లేను. గొలుసు మళ్లీ చేయించుకున్నాం, ఆ పొద్దు మాత్రం ఇక రాలేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది, దాన్ని చెప్పకుండా దాటిపోతే ఈ రాతకు అర్థం లేదు. మేం జీపు ఆపినప్పుడు గోదావరి నీళ్లు పట్టుకుపోయే ప్లాస్టిక్ క్యాన్లు అమ్మే పిల్లవాడు ఒకడు మా దగ్గరికి రెండు మూడుసార్లు వచ్చాడు. పన్నెండేళ్లుంటాయేమో. వచ్చిన కానిస్టేబులు "ఎవరి మీదనన్న అనుమానం ఉన్నదా?" అని అడిగితే, నా నోట వాడి సంగతి వచ్చింది. "ఆ పిల్లగాడే మాటికి బండి దగ్గరికి వచ్చిండు" అన్నాను. నలుగురి ముందు వాడి సంచి దులిపారు. అందులో క్యాన్ మూతలు, చిల్లర తప్ప ఏమీ లేదు. వాళ్లమ్మ వచ్చింది. గట్టిగా కూడా మాట్లాడలేదు. "మేం దినాం ఈడనే ఉంటం సారూ. మీరు పొద్దుగూకితే పోతరు. దొంగతనం చేసినోడు ఈడ ఎందుకు కూసుంటడు?" అన్నది.

ఆమె అన్నదాంట్లో న్యాయమే కాదు, తెలివి కూడా ఉంది. రోజూ అదే చోట కూర్చొని బతికేవాళ్లు అక్కడ దొంగతనం జరగాలని కోరుకోరు. జనం భయపడి రావడం తగ్గితే ముందు పడిపోయేది వాళ్ల గిరాకీ. నేను వాళ్లకు దూరంగా, ఎవరూ లేని చెట్టు కింద జీపు ఆపి, దొంగకు కావలసిన ఏకాంతం నేనే ఇచ్చాను. పక్కన పూల బండి, టీ బండి ఉండి ఉంటే తెర కోసే ధైర్యం ఎవడు చేస్తాడు? తర్వాత మళ్లీ బాసర పోయినప్పుడు ఆమెను వెతికి, తప్పయిందని చెప్పాను. "పోనీయుండ్రి" అన్నది. పిల్లవాడు మాత్రం దూరంగానే నిలబడ్డాడు. అప్పటి నుంచి నా బండి ఎప్పుడూ బేరగాళ్ల దగ్గరే ఆగుతుంది. "జర సూస్తుండమ్మా" అని చెప్పి, నీళ్ల క్యాన్ అక్కడే కొని మరీ పోతాం.

జీపు టాపు గురించి నాకు అసలు పాఠం చెప్పింది భైంసా, బాసర మధ్య సవారీలు తోలే ఒక డ్రైవరు. అతని జీపుకు తెరలన్నీ పైకి చుట్టి కట్టి ఉన్నాయి. డ్యాష్ బోర్డు అర తెరిచే ఉంది. "తాళాలు లేవా?" అంటే, "నా బండి లోపల ఏం లేదని తొవ్వల పోయేటోనికి సుత కనవడాలె సార్. తెర దించితే లోపల ఏమున్నదో అని కోస్తడు. కోసిన తెర కుట్టియ్యాల్నంటే నాకు రెండు దినాల కైకిలి పోతది" అన్నాడు.

మొదట నాకు ఇది తలకెక్కలేదు. ఆలోచిస్తే జీపు పుట్టుకే అట్లాంటిది. 1941 నుంచి అమెరికా సైన్యం కోసం లెక్కకు మిక్కిలిగా తయారైన విల్లీస్ జీపులకు మడతపెట్టే కాన్వాస్ టాపే ఉండేది, గట్టి తలుపులు లేవు. యుద్ధంలో తాళం చెవి పోతే బండి ఆగిపోకూడదని, చాలా వాటికి చెవి అక్కర్లేని స్విచ్చే బిగించారు. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది ఆ విల్లీస్ జీపునే. ఎక్కడంటే అక్కడ ఎక్కి దిగడానికి, సామాను వేసి తీయడానికి చేసిన బండి అది. వస్తువులు దాచడానికి చేసింది కాదు. దాని జిప్పుకు తాళం వేసి నేను నిశ్చింతగా నీళ్లలో దిగడం దాన్ని అడగకూడనిది అడగడమే. రెగ్జిన్‌కు వేసే తాళం దొంగను ఆపదు, లోపల ఏదో ఉందని చెబుతుంది.

అందుకని ఆ గుడ్డ టాపు బండి ఉన్నన్నాళ్లూ నేను పాటించింది రెండే. లోపల ఏమీ లేకపోతే తెరలు చుట్టేసి, అర తెరిచి, ఖాళీ అని కనబడేటట్టు వదిలేసేవాణ్ని. ఏదైనా తప్పనిసరిగా పెట్టాల్సి వస్తే ఇనుప పెట్టెలో పెట్టేవాణ్ని.

ఆ పెట్టె గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది చేయించుకునేటప్పుడే తప్పు చేస్తారు. మెట్‌పల్లిలో వెల్డింగ్ పని చేసే అతను మందపాటి రేకుతో, వెనక సీటు కింద పట్టేంత కొలతలో చేసిచ్చాడు. పెట్టెను బండికి బిగించే బోల్టుల తలలు పెట్టె లోపల ఉండాలి, కింది నుంచి నట్లు విప్పడానికి వీల్లేకుండా వాటిని అతికించాలి. లేకపోతే పానాతో పెట్టెకు పెట్టెనే ఊడదీసి పట్టుకుపోతారు. మూత బందులు కూడా లోపలి వైపే. తాళం కప్ప కొక్కెం బయటికి కనిపిస్తే కట్టర్‌తో ఒక్క కొరుకుడు చాలు. అందుకే కప్ప చుట్టూ రేకుతో చిన్న గూడు కట్టించాను, చెవి పెట్టడానికి చెయ్యి పడుతుంది గానీ కట్టర్ నోరు పట్టదు. పాత జీపుల్లో చాలావాటికి డ్రైవరు సీటు కిందే డీజిల్ లేదా పెట్రోలు ట్యాంకు ఉంటుంది. ఆ వైపు వెల్డింగు గానీ, డ్రిల్లింగు గానీ పొరపాటున కూడా చేయించకండి. మూత అంచుకు రబ్బరు పట్టీ లేకపోతే ఒక్క వానకాలంలో లోపల కాగితాలన్నీ ముద్దయిపోతాయి. స్టెప్నీకి, బ్యాటరీకి, డీజిల్ మూతకు కూడా తాళాలుంటాయి, అవీ వేయించాను. స్టీరింగుకు, క్లచ్ పెడల్‌కు కలిపి వేసే రాడ్డు లాకు బండినే ఎత్తుకుపోకుండా ఆపుతుంది.

అయితే పెట్టె ఎంత గట్టిదైనా, పార్కింగ్‌లో నిలబడి దానిలో సంచి పెడితే సగం బలం పోయినట్టే. నా మొదటి తప్పు టాపుది కాదు, ఇదే. నేను అందరినీ అడిగి అడిగి నగలు తీయించుకున్నాను, సీటు ఎత్తాను, దుప్పటి కప్పాను. ఇదంతా వెలుతురులో, బండి చుట్టూ తిరుగుతూ చేశాను. దాచడం అనుకున్నాను గానీ, అది చూపించడం. ఆ తర్వాతి నుంచి వంతెనకు అవతలే, ఎవరూ లేని చోట బండి ఆపి, పెట్టాల్సినవన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్లం. బాసరలో దిగిన తర్వాత సీటు ఎత్తేవాళ్లం కాదు. మర్చిపోయినవి మనిషి వెంటే పోయేవి.

జీపు అమ్మేసి గట్టి టాపున్న కారు కొన్న తర్వాత నాకు ఇవేమీ అక్కర్లేదనిపించింది. ఇనుప పైకప్పు, అద్దాలు, సెంట్రల్ లాకు. ధర్మపురిలో ఆ నమ్మకం కూడా పోయింది. ఘాట్ మీద బట్టలు విప్పి మడత పెట్టి, జేబులోనే కారు చెవి ఉంచి నీళ్లలోకి దిగాను. బటన్ నొక్కే చెవి తడిస్తే పాడవుతుందని ఒడ్డునే వదిలాను. బయటికి వచ్చేసరికి బట్టలున్నాయి, చెవి లేదు. బటన్ నొక్కితే చాలు, కారే లైట్లు వెలిగించి తానెక్కడుందో చెబుతుంది. డిక్కీలో ఉన్న సంచి తీసుకొని, చెవి సీటు మీద పారేసి పోయారు. అద్దం పగలలేదు, తలుపు గీత పడలేదు. కారును పట్టుకుపోలేదు, అది మా అదృష్టం.

గుడ్డ టాపును కత్తి ఓడించింది, గట్టి టాపును నా చెవే ఓడించింది. జీపు రోజుల్లో మా నాయన ఉత్త ఇనుప చెవిని మొలతాడుకు ముడివేసుకొని గోదావరిలో మునిగేవాడు. ఆయన్ను చూసి కూడా నేను నేర్చుకోలేదు. ఇప్పటి చెవులకు నీళ్లు చొరని ప్లాస్టిక్ సంచులు దొరుకుతున్నాయి, మెడలో వేసుకొని మునగొచ్చు. ముందు ఇంట్లో బకెట్ నీళ్లలో ఉత్త కాగితం పెట్టి ముంచి చూడండి, కాగితం తడవకపోతేనే చెవి పెట్టండి. అంతకంటే మంచిది, చెవి నీళ్లలో దిగని మనిషి చేతిలో ఉండటం.

గట్టి టాపుకు అద్దం ఎప్పుడూ బలహీనమే. వెనక సీటు మీద కనిపించే సంచి, అది ఖాళీదైనా సరే, అద్దం పగలడానికి కారణమవుతుంది. ఛార్జరు తీగ వేలాడుతుంటే ఫోను లోపలే ఉందనుకుంటారు. అద్దాలకు నల్ల ఫిలిం వేయించమని కొందరు చెబుతారు. అది కుదరదు, 2012లో సుప్రీంకోర్టు కారు అద్దాల మీద నల్ల ఫిలిం వాడకూడదని తీర్పు ఇచ్చింది. కాబట్టి కనబడకుండా చేయడం కాదు, కనబడడానికి ఏమీ లేకుండా చేయడమే మన చేతిలో ఉన్న పని. తాళం బటన్ నొక్కిన తర్వాత తలుపు పిడి ఒకసారి లాగి చూడాలి. చప్పుడు విని వెళ్లిపోతే పక్క బండి చప్పుడు కూడా మనదే అనిపిస్తుంది.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నాను అప్పట్లో. మామూలు మోటారు పాలసీ బండికి, దానికి బిగించిన వాటికి రక్షణ ఇస్తుంది. లోపల పెట్టిన గొలుసుకు, ఫోనుకు, సంచికి ఇవ్వదు. సొంత వస్తువుల కోసం విడిగా అదనపు రక్షణ తీసుకుంటే తప్ప, అందులోనూ నగలు, నగదు వస్తాయో రావో చదివి చూసుకుంటే తప్ప, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఫిర్యాదు మాత్రం తప్పకుండా ఇవ్వాలి. యాత్రికులు చాలామంది, ఈ ఊరికి మళ్లీ ఎవరు తిరుగుతారులే అని ఇంటికి పోతారు. దొంగకు అంతకంటే ధైర్యం ఏముంటుంది? 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. బాసరలో పోయినదానికి కోరుట్లలో చెప్పినా తీసుకోవాలి. అదే రోజు నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనం 303వ సెక్షన్ కింద ఉంది. మనుషులను, సరుకును చేరవేసే వాహనంలోంచి వస్తువు దొంగిలిస్తే 305వ సెక్షన్, ఏడేళ్ల వరకు శిక్ష. ఇంటికి వెళ్లాక పాసు పుస్తకానికి, ఆర్సీకి నకలు కావాలంటే ఆ ఫిర్యాదు కాగితమే అడుగుతారు. నా పాసు పుస్తకం పని తెమిలేసరికి ఆ పంట కోతకు వచ్చింది. రుణం అందక వడ్డీకి తెచ్చి ఎరువులు కొన్నాను.

మా ఫోన్లు పోయిన రోజుల్లో సిమ్ ఆపించడం తప్ప చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. 2023 మే నుంచి సంచార్ సాథీ ద్వారా దేశమంతటా ఫోనునే పనిచేయకుండా ఆపే ఏర్పాటు వచ్చింది. దానికి ఫోను ఐఎంఈఐ నంబరు కావాలి. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే తెర మీద వస్తుంది. ఇంట్లో ప్రతి ఫోనుదీ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టాం. బండి కాగితాలు డిజీలాకర్‌లో ఉంటే అసలువి ఇల్లు కదలాల్సిన పని లేదు. అమ్మ గోలీల పేర్లు ఇప్పుడు ఇంట్లో నలుగురి పర్సుల్లో చీటీలుగా ఉన్నాయి.

2015 జూలైలో పుష్కరాలప్పుడు బాసర ఘాట్‌లో కాలు పెట్టే చోటు లేదు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బండ్లు ఆపే చోటు నుంచి ఘాట్‌కు చాలా దూరం నడవాల్సి రావచ్చు, బండి కంటికి కూడా ఆనదు. అప్పటికి మా రెండో మనుమరాలి అక్షరాభ్యాసం కూడా ఉంటుంది. మేం ఇంట్లో కూర్చొని ఇప్పటికే మాట్లాడుకున్నాం. బంగారం ఇంట్లోనే, పుస్తెలతాడు పసుపుతాడుగా మార్చి కట్టుకుంటానని బిడ్డ తనే చెప్పింది. ఫోన్లు రెండే, అవి కూడా ఒడ్డున ఉండేవాళ్ల చేతుల్లో. స్నానాలు రెండు జట్లుగా. మొదటి జట్టు తడిబట్టలతో తిరిగి వచ్చి నిలబడ్డాకే రెండో జట్టు దిగుతుంది. మొదట ఒడ్డున కూర్చునేది నేను. పలక, బలపం, పసుపు, బియ్యం బాసరలోనే దొరుకుతాయి, అవి కూడా మోసుకుపోనక్కర్లేదు. గోలీల డబ్బా మాత్రం అమ్మ కొంగునే ఉంటుంది.